మరగడం, మోతాదు, సాత్మ్యం: మత్తుకు మెదడు అలవాటుపడే తీరుపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
మత్తుపదార్థాన్ని పదేపదే వాడినప్పుడు మొదటి మోతాదు మొదటి ఫలితాన్ని ఇవ్వదు. తెలుగు భాషకూ ఆయుర్వేదానికీ ఈ సంగతి చాలాకాలంగా తెలుసు. అయితే ఎల్‌ఎస్‌డీ వంటి సైకెడెలిక్ పదార్థాల విషయంలో మెదడు అలవాటుపడే తీరు నల్లమందు, గంజాయిల తీరుకు భిన్నమైనది. ఈ భేదం 20వ శతాబ్ది మధ్యలో, నైతికంగా సమర్థించలేని ప్రయోగాల ద్వారా బయటపడింది. తెలుగు పదజాలం, 1893-94 నాటి గంజాయి విచారణ, లెక్సింగ్టన్ ప్రయోగాలు, ఆధునిక గ్రాహక పరిశోధనల ఆధారంగా ఆ భేదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మరగడం, మోతాదు, ఓకస్సాత్మ్యం, గంజాయి, ఎల్‌ఎస్‌డీ, గ్రాహకం, లెక్సింగ్టన్.

1. ప్రవేశిక

ఇడుపులపాయ, వేంపల్లె, పులివెందుల ప్రాంతపు వాడుకలో తాగుడుకో, జూదానికో లొంగినవాణ్ణి గురించి "వాడు దానికి మరిగినాడు" అంటారు. రుచి మరిగిన పిల్లి, నెత్తురు మరిగిన పులి అన్న పలుకుబళ్లు తెలుగునేల అంతటా ఉన్నవే. పొయ్యిమీద పాలు మరగడానికీ, మనిషి మత్తుకు మరగడానికీ ధాతువు ఒకటేనా, రెండా అన్నది నిఘంటుకారులు తేల్చవలసిన విషయం. ఇక్కడ గమనించవలసింది వేరొకటి. 'మరిగినాడు' అన్నప్పుడు జరిగిన మార్పు పదార్థంలో కాక మనిషిలో ఉన్నదని ఆ మాట చెబుతోంది. కల్లు నిన్నటి కల్లే, తాగేవాడు మాత్రం నిన్నటివాడు కాడు.

'మోతాదు' చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. మందు ఇంత పరిమాణంలో పుచ్చుకోవాలి అనే అర్థంలో నేడు వాడుతున్న ఈ మాట అరబ్బీ 'ముఅతాద్' నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. మూలంలో దాని అర్థం 'అలవాటైనది'. అంటే మోతాదు వైద్యుడు తూచి ఇచ్చే కొలత కావడానికి ముందు, ఒక శరీరానికి అలవాటైన కొలత. ఒకరి మోతాదు మరొకరికి విషం కావచ్చునన్న అనుభవం ఆ పదంలోనే ఇమిడి ఉంది. కాలక్రమంలో అలవాటు అనే అర్థం జారిపోయి కొలత మాత్రమే మిగిలింది. ఆ జారిపోయిన అర్థానికి ప్రాణాలతో ముడిపడిన ప్రాధాన్యం ఉన్నదని వ్యాసం చివరి భాగంలో స్పష్టమవుతుంది.

2. అలవాటే ఇల్లు: ఆయుర్వేద భావన

చరకసంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయంలో 'ఓకస్సాత్మ్యం' అనే భావన కనిపిస్తుంది. స్వభావంచేత మేలు చేయనిదైనా, నిరంతర సేవనం వల్ల శరీరానికి సరిపడిపోయినదానికి ఆ పేరు. 'ఓకస్' అంటే ఇల్లు. పదార్థం శరీరంలో ఇల్లు కట్టుకున్నదన్న ధ్వని ఇందులో ఉంది. అక్కడ ఈ సరిపాటుకు కారణంగా చెప్పిన మాట 'ఔచిత్యం'. క్షేమేంద్రుడి ద్వారా ఔచిత్యాన్ని కావ్యగుణంగా చదువుకున్న సాహిత్య విద్యార్థికి ఇది కొంత ఆశ్చర్యం కలిగించవచ్చు. వైద్యగ్రంథంలో ఔచిత్యం అంటే అభ్యాసం, అలవాటు. రెండు అర్థాలకూ ఆధారం 'ఉచ్' ధాతువే. అలవాటైనదే తగినదిగా తోస్తుందన్న లోకానుభవం ఆ రెండింటినీ కలుపుతున్నది.

చరకుడు భావనను నిర్వచించి ఊరుకోలేదు. ఏడవ అధ్యాయంలో, అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా మానరాదనీ, పాదం పాదంగా అంటే నాలుగోవంతు చొప్పున తగ్గిస్తూ, ఆ ఖాళీని హితమైనదానితో నింపుతూ, మధ్యమధ్య రోజుల ఎడం పాటిస్తూ మానాలనీ విధించాడు. విమానస్థానం మొదటి అధ్యాయంలో ఉప్పును, క్షారాన్ని అతిగా తినడానికి అలవాటుపడిన ప్రాంతాల ప్రజలను ఉదాహరణగా తీసుకొని అదే సూత్రాన్ని మళ్లీ చెప్పాడు. శరీరం అలవాటుకు తగినట్లు తననుతాను సర్దుకుంటుందనీ, ఆ సర్దుబాటు తిరిగి విడివడడానికి కాలం పడుతుందనీ ఆ వైద్యులు గుర్తించారు.

మత్తుపదార్థాల ప్రసక్తి శార్ఙ్గధరసంహితలో సూటిగా వస్తుంది. జీర్ణం కాకముందే శరీరమంతటా వ్యాపించి తన ప్రభావం చూపే ద్రవ్యాన్ని 'వ్యవాయి' అని నిర్వచించి, అందుకు భంగను, అహిఫేనాన్ని, అంటే గంజాయి జాతి ఆకును, నల్లమందును ఉదాహరించారు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ రెండూ ఒకే పదం కింద చేరాయి. వేగంగా వ్యాపించే గుణాన్ని బట్టి అది సమంజసమైన వర్గీకరణే. కాని అలవాటుపడే తీరును బట్టి కూడా మత్తులన్నీ ఒక్కటేనన్న భావన తరువాతి కాలంలో పాలకులలోనూ ప్రజలలోనూ స్థిరపడింది.

3. 1893-94: తెలుగు జిల్లాలు, గంజాయి విచారణ

19వ శతాబ్ది చివరి దశకంలో రెండు విచారణలు దాదాపు ఒకేసారి సాగాయి. ఒకటి నల్లమందుపై రాయల్ కమిషన్. రెండవది 1893లో ఏర్పడి 1894లో నివేదిక సమర్పించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్. దీనికి డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. 1,193 మంది సాక్షుల నుంచి సమాచారం సేకరించిన ఈ విచారణలో మద్రాసు రాజధాని కూడా భాగం. నాటి కడప జిల్లా సహా తెలుగు జిల్లాలన్నింటిలో గంజాయి వ్యవహారం 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం పరిధిలో ఉండేది. రాజధానిలో గంజాయి సాగుకు పేరుపొందిన తావులలో ఒకటి బాపట్ల ప్రాంతపు సంతరావూరు కాగా, మరొకటి ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు. అంటే తెలుగునేలకు గంజాయి వాడుకగా మాత్రమే కాక, పంటగా, పన్నుగా కూడా పరిచయమే.

కమిషన్ పంపిన ప్రశ్నావళిలో మూడు ప్రశ్నలు ఈ వ్యాసానికి కీలకమైనవి. ఈ అలవాటు సులభంగా అబ్బుతుందా? మానడం కష్టమా? మితంగా వాడేవారు క్రమంగా అతివాడకంలోకి జారుతారా? చివరి ప్రశ్నలో ఉన్నది నేటి శాస్త్రం చర్చించే సమస్యే. శరీరం అలవాటుపడిన కొద్దీ మోతాదు పెరగక తప్పదా అన్నదే అధికారులు అడిగినది. అయితే వారు దానిని నడవడికి సంబంధించిన ప్రశ్నగా చూశారు. మితం, అతి అన్నవి మనిషి నిగ్రహానికి కొలతలుగా నిలిచాయి తప్ప, మెదడులో జరిగే మార్పుకు సూచికలుగా కాదు. మితవాడకం వల్ల చెప్పుకోదగ్గ హాని లేదనీ, అతివాడకం హానికరమనీ కమిషన్ తేల్చింది.

నివేదికలో నేటికీ చదవదగినది మానసిక చికిత్సాలయాల భాగం. నాడు మద్రాసు రాజధానిలో అటువంటివి మద్రాసు, విశాఖపట్నం, కాలికట్ పట్టణాలలో ఉండేవి. రోగిని చేర్చుకొనేటప్పుడు వ్యాధికారణం అనే గడి నింపడం తప్పనిసరి. ఆ గడిలో చేరే సమాచారం ఎక్కువగా పోలీసుల దగ్గరనుంచి వచ్చేది. మనిషి గంజాయి తాగుతాడని ఎవరో చెబితే పిచ్చికి కారణం గంజాయి అయిపోయేది. కమిషన్ 1892లో దేశంలోని చికిత్సాలయాలలో చేరిన 1,344 మంది వివరాలను పరిశీలించింది. వీరిలో 222 మంది జబ్బుకు గంజాయి జాతి పదార్థాలే కారణమని రికార్డులలో ఉంది. విడివిడిగా విచారిస్తే 98 మంది విషయంలో మాత్రమే ఆ కారణానికి ఆధారం కనిపించింది. అందులోనూ మరే ఇతర కారణమూ కలవనివి 61. మిగిలిన వారి పేర్ల ఎదుట ఉన్న 'గంజాయి' అన్న మాట వైద్యనిర్ణయం కాదు, గుమాస్తా కలం నింపిన ఖాళీ. ఒక మనిషి చరిత్రను ఒక్క మాటలోకి కుదించినప్పుడు జరిగే అన్యాయానికి ఇంతకన్నా స్పష్టమైన దాఖలా ఆ కాలపు రికార్డులలో అరుదు.

కమిషన్ మరొక పని కూడా చేసింది. గంజాయి మెదడును చెడగొడుతుందా అన్నది తేల్చడానికి కలకత్తాలో డి. డి. కనింగ్‌హామ్ చేత ఒక కోతిపై ప్రయోగం చేయించింది. నెలల తరబడి ఆ కోతిచేత గంజాయి పొగ పీల్పించి, తరువాత దాని మెదడును పరీక్షించారు. చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. నాటి సూక్ష్మదర్శినికి కణజాలపు గాయం కనిపిస్తుంది గాని, కణం పైపొరలోని అణువుల సంఖ్య కనిపించదు. వెతికిన చోటు సరైనదే. వెతకవలసిన పరిమాణం మాత్రం మరో వంద సంవత్సరాలకు గాని చూపుకు అందలేదు.

4. లెక్సింగ్టన్: మూడు రోజులలో మూసుకొనే తలుపు

సైకెడెలిక్ పదార్థాల కథ వేరొక చోట మొదలవుతుంది. ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ బూజులోని రసాయనాల నుంచి స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డీని తయారుచేశాడు. 1943 ఏప్రిల్‌లో దాని మనోప్రభావం తెలిసింది. గ్రాములో వెయ్యోవంతును మిల్లీగ్రామంటే, దానిలో పదోవంతు చాలు, మనిషి కాలస్థలాల ఎరుక తారుమారు కావడానికి. ఇంత కొద్దిపాటి పదార్థం ఇంత మార్పు ఎలా తెస్తుందన్న ప్రశ్న అప్పుడే గుర్తింపు పొందుతున్న సెరొటోనిన్ అనే రసాయనంపైకి శాస్త్రజ్ఞుల దృష్టిని మళ్లించింది. 1953లో ఎడిన్‌బరోలో జాన్ గాడమ్, ఆ మరుసటి సంవత్సరం అమెరికాలో వూలీ, షా ఈ రెండింటి సంబంధాన్ని ప్రతిపాదించారు.

ఎల్‌ఎస్‌డీకి శరీరం అలవాటుపడుతుందా అన్న ప్రశ్నకు సమాధానం అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్ నుంచి వచ్చింది. మాదకద్రవ్యాల నేరాలపై శిక్షపడినవారిని ఉంచే సర్కారు ఆసుపత్రి అది. అక్కడి వ్యసన పరిశోధన కేంద్రానికి సంచాలకుడు హారిస్ ఇస్బెల్. ఆయన బృందం 1956లో ప్రకటించిన ఫలితాల సారాంశం ఇది: రోజూ ఎల్‌ఎస్‌డీ ఇస్తే మూడు రోజులలోనే దాని మానసిక ప్రభావం చాలావరకు అణగిపోతుంది. ఆపేస్తే అన్ని రోజులలోనే తిరిగి మొదటి స్థితి వస్తుంది. నల్లమందు జాతి మందులకు అలవాటుపడ్డవారిలో కనిపించే, మానినప్పటి యాతన ఇక్కడ లేదు.

నల్లమందు, దాని సత్తువైన మార్ఫిన్ విషయంలో అలవాటు మెల్లగా ముదురుతుంది. పెరిగిన ప్రతి మోతాదూ కొంతకాలం పనిచేస్తుంది. వాడేవాడు ఆ మెట్లెక్కుతూ పోతాడు. ఎల్‌ఎస్‌డీ విషయంలో మెట్లు లేవు. ఒకటి రెండు రోజులలో తలుపు మూసుకుంటుంది. తోసినా కొంతమేరకే తెరుచుకుంటుంది. 1961లో అదే బృందం మరొక సంగతిని నమోదు చేసింది. ఎల్‌ఎస్‌డీకి అలవాటుపడ్డ వ్యక్తికి పుట్టగొడుగుల నుంచి వచ్చే సిలోసైబిన్ ఇచ్చినా ప్రభావం తగ్గిపోయింది. మెస్కలిన్ విషయంలోనూ ఇదే పరస్పర సంబంధం కనిపించింది. మొక్కలు వేరు, ఖండాలు వేరు, వాడే సమాజాలు వేరు అయినా మెదడులో అవి తట్టే తలుపు ఒక్కటేనని దీనితో తేలింది.

ఈ జ్ఞానం ఎవరి శరీరాలమీద సంపాదించినది అన్న ప్రశ్నను శాస్త్రచరిత్రలు చాలాకాలం అడుగున పడవేశాయి. లెక్సింగ్టన్ ప్రయోగాలకు ఒప్పుకున్నవారు ఖైదీలు. వారిలో నల్లజాతివారు ఎక్కువ. ప్రతిఫలంగా శిక్షాకాలంలో కొంత తగ్గింపో, ఏ మందుకు బానిసలై వచ్చారో ఆ మందో దక్కేది. ఖర్చులో కొంత అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ భరించింది. మనస్సును వశం చేసుకొనే మార్గాలు వెతికే దాని రహస్య పథకంలో ఇది భాగం. కొందరికి వరుసగా 77 రోజులు ఎల్‌ఎస్‌డీ ఇచ్చారు. ప్రభావం తగ్గినకొద్దీ మోతాదును రెండింతలు, మూడింతలు, నాలుగింతలు చేసి చూశారు. వారి 'సమ్మతి' ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. 1970లలో సెనెట్ విచారణలు జరిగేదాకా ఈ వివరాలు లోకానికి తెలియలేదు. 1956 వ్యాసం మాత్రం నేటికీ ఉటంకింపులు పొందుతూనే ఉంది. ఫలితం నిజమే కావచ్చు, దానిని పొందిన దారి తప్పు. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్ని మాత్రమే చెప్పినా చరిత్ర సగమే అవుతుంది.

5. గ్రాహకాల లెక్క

మెదడు కణాల పైపొరలో రసాయన సందేశాలను అందుకొనే ప్రత్యేక నిర్మాణాలను గ్రాహకాలు అంటారు. సైకెడెలిక్ పదార్థాలు ప్రధానంగా పనిచేసేది 5-హెచ్‌టీ2ఏ అనే సెరొటోనిన్ గ్రాహకంపైన. రిచర్డ్ గ్లెన్నన్, మిల్ట్ టైటెలర్ బృందం 1980లలో ఈ సంబంధాన్ని బలపరిచింది. 1998లో స్విట్జర్లాండ్‌లో ఫ్రాంజ్ ఫోలెన్‌వైడర్ బృందం మనుషులలో దానిని నిరూపించింది. ఆ గ్రాహకాన్ని ముందుగా కెటాన్సెరిన్ అనే మందుతో అడ్డగిస్తే సిలోసైబిన్ వల్ల కలిగే భ్రాంతులు రాలేదు.

గ్రాహకాన్ని పదార్థం బలంగా, ఎక్కువసేపు తట్టినప్పుడు కణం ఊరుకోదు. మొదట ఆ గ్రాహకం నుంచి లోపలికి వెళ్లే సంకేతాన్ని తగ్గిస్తుంది. తరువాత గ్రాహకాన్నే పైపొర నుంచి లోపలికి లాక్కుంటుంది. కొన్నింటిని విరిచివేస్తుంది కూడా. ఎలుకలకు వరుసగా ఎల్‌ఎస్‌డీ ఇచ్చిన ప్రయోగాలలో ఈ గ్రాహకాల సంఖ్య తగ్గినట్లు కనిపించింది. తలుపు మూసుకోవడం అన్న పోలికను ఇక్కడ సరిదిద్దుకోవాలి. నిజానికి జరిగేది తలుపులను గోడలోనుంచి ఊడదీసి లోపల పెట్టుకోవడం. తిరిగి బిగించడానికి కొన్ని రోజులు పడుతుంది. అందువల్లనే ఎడం ఇస్తే ప్రభావం తిరిగి వస్తుంది.

ఈ సూత్రానికి ఒక మినహాయింపు ఉంది. దక్షిణ అమెరికా అడవి తెగల పానీయాలలో ఉండే డీఎంటీని అరగంట ఎడంతో నాలుగుసార్లు ఇచ్చినా మానసిక ప్రభావం తగ్గలేదని 1996లో రిక్ స్ట్రాస్‌మన్ బృందం ప్రకటించింది. అది కూడా అదే గ్రాహకంపై పనిచేస్తుంది. కనుక గ్రాహకాల సంఖ్య ఒక్కటే మొత్తం కథ కాదు. పదార్థం ఎంతసేపు అతుక్కుని ఉంటుంది, కణంలోపల ఏ మార్గాన్ని కదిలిస్తుంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

ఇక గంజాయి. దాని ప్రధాన మత్తుద్రవ్యమైన టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో గవోని, మెషూలమ్ వేరుచేసి నిర్మాణం తేల్చారు. అది తగిలే సీబీ1 గ్రాహకాన్ని 1988లో అమెరికాలో అలిన్ హౌలెట్, విలియం డెవేన్ గుర్తించారు. 2012లో జుస్సి హిర్వోనెన్ బృందం, రోజూ గంజాయి తాగేవారి మెదళ్లను చిత్రీకరించి, పైపొర భాగాలలో సీబీ1 గ్రాహకాలు తగ్గి ఉన్నాయనీ, సుమారు నాలుగు వారాలు మానితే తిరిగి సాధారణ స్థాయికి వచ్చాయనీ చూపింది. కనింగ్‌హామ్ కోతి మెదడులో వెతికినప్పుడు దొరకని మార్పు ఇటువంటిదే.

మరి గంజాయికి అలవాటుపడితే ఎల్‌ఎస్‌డీకి, ఎల్‌ఎస్‌డీకి అలవాటుపడితే గంజాయికి మెదడు అలవాటుపడుతుందా? 1969లో ఇస్బెల్, డొనాల్డ్ జసిన్‌స్కీ సరిగ్గా ఈ ప్రశ్ననే పరీక్షించారు. ఎల్‌ఎస్‌డీకి అలవాటుపడినవారిలో టీహెచ్‌సీ ప్రభావం తగ్గలేదు. రెంటి దారులు వేరు. శార్ఙ్గధరుడు వ్యాప్తిగుణాన్ని బట్టి ఒకచోట చేర్చిన భంగ, అహిఫేనాలు రెండూ కూడా వేర్వేరు గ్రాహకాలకు చెందినవే. బయటికి కనిపించే మైకం ఒకలాగే ఉన్నంతమాత్రాన లోపలి మర్మం ఒకటి కానవసరం లేదు.

6. తెలుగులో దీనిని ఏమనాలి?

ఈ భావనకు తెలుగు వైద్యరచనలలో 'సహనం', 'ఓర్పు' వంటి అనువాదాలు కనిపిస్తాయి. ఇవి ఇంగ్లీషు మాటకు మక్కికి మక్కి అనువాదాలు. ఓర్చుకోవడంలో కర్త మనిషి. నిగ్రహం, గుణం అన్న ధ్వనులు దానివెంట వస్తాయి. 1893 ప్రశ్నావళిలోని నైతిక దృష్టి ఈ అనువాదం చాటున తెలుగులో మళ్లీ ప్రవేశిస్తుంది. ఎక్కువ మోతాదును తట్టుకోవడాన్ని గట్టిదనంగా భావించే యువకుడికి 'సహనం పెరిగింది' అన్న మాట హెచ్చరికగా కాక మెప్పుగా వినిపించే ప్రమాదం ఉంది. 'సాత్మ్యం' అన్న పాతమాటే ఇందుకు తగినది. నెమ్మదిగా ముదిరేదాన్ని సాత్మ్యమనీ, సైకెడెలిక్ పదార్థాల విషయంలో రోజులలో ఏర్పడి రోజులలో విడివడేదాన్ని శీఘ్రసాత్మ్యమనీ వ్యవహరించవచ్చు. ఇక సామాన్యులతో మాట్లాడేటప్పుడు 'మరగడం' కన్నా మెరుగైన మాట లేదు.

ఇది పదాల పట్టింపు మాత్రమే అనుకోరాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద వాణిజ్య పరిమాణమనిపించుకోవడానికి గంజాయి 20 కిలోలు ఉండాలి. ఎల్‌ఎస్‌డీకి గ్రాములో పదోవంతు చాలు. బరువుల్లో ఇంత భేదం పాటించిన చట్టానికి, అలవాటుపడే తీరులోని భేదంతో పనిలేదు. విశాఖ మన్యంలో 2021లో 'పరివర్తన' పేరిట పోలీసులు గంజాయి తోటలు నరికించిన తరువాత కూడా పత్రికలలో, సభలలో వినిపించే మాట 'మత్తు' ఒక్కటే. శీఘ్రసాత్మ్యం ఉన్నంతమాత్రాన సైకెడెలిక్ పదార్థాలు నిరపాయకరం కావు. రోజూ వాడనివ్వని ఆ గుణం వ్యసనాన్ని కొంత అడ్డుకుంటుందేమో గాని, ఒక్కసారి వాడకంలోనే కలిగే భయోత్పాతాన్ని, మానసిక వ్యాధికి లోనయ్యే స్వభావం ఉన్నవారికి కలిగే హానిని ఆపలేదు. నల్లమందు జాతి మందులతో అపాయం ఇందుకు భిన్నమైనది. అది మానిన తరువాత పొంచి ఉంటుంది. చికిత్సాకేంద్రంలోనో జైలులోనో కొన్ని వారాలు మందుకు దూరంగా ఉన్న మనిషి మెదడులో సాత్మ్యం విడివడిపోతుంది. బయటికి వచ్చి, తనకు గుర్తున్న పాత కొలతనే తిరిగి తీసుకుంటే, ఒకప్పుడు అలవాటైన ఆ కొలత ఇప్పుడు ఊపిరిని ఆపగలదు. అతడు దానిని తన మోతాదే అనుకుంటాడు. ఆ మాట పాత అర్థం ప్రకారం, అది అప్పటికే అతడి మోతాదు కాదు.